మిట్టవీధి మీటరు

మా ఊరి గురించి చెప్పడానికి ఎంతోసేపు పట్టదు. ఒక వాలు, దాని మీద మూడు వీధులు. కింద వాగు పక్కన పల్లపు వీధి, నడుమ నా కిరాణా కొట్టున్న నడివీధి, పైన రాళ్ల మీద మిట్టవీధి. దానికి ఇంకాస్త పైన నీళ్ల ట్యాంకు. అక్కడితో ఊరు సరి. మొత్తం రెండు వందల పద్నాలుగు మందిమి. ఒకరు తుమ్మితే మిగతా అందరూ "చిరంజీవ" అనేంత ఊరు.

ఆ అంకె నాకు చెప్పింది నీళ్లాయన. ఆయన్ని ఎవరూ పేరుతో పిలవరు. ఐదున్నరకు పల్లపు వీధి వాల్వు, ఆరుంబావుకు నడివీధిది, ఏడింటికి మిట్టవీధిది తిప్పుతాడు. ఎనిమిదింటికి మూడూ కట్టేస్తాడు. ట్యాంకులో నీళ్లు ఎంత దిగాయో చూసి ఏ ఇంటికి చుట్టాలొచ్చారో చెప్పగలడని మా పరాచికం. ముప్పై ఏళ్లుగా అందరికీ నీళ్లిచ్చాడు గానీ ఎవరి గడపా తొక్కలేదు. తొక్కే అవసరమూ రాలేదు. నీరు పల్లమెరుగు అన్నారు కదా, వాల్వు తిప్పితే దాని దారిన అదే పోతుంది. పెళ్లి చేసుకోలేదు. పంపుగదిలోనే ఒక మంచం, ఒక స్టవ్వు. "మోటారు ఆగితే నాకు నిద్ర పట్టదు" అనేవాడు. మేం పగలబడి నవ్వేవాళ్లం. అందులో అంత నవ్వాల్సిందేముందో ఇప్పుడు ఆలోచిస్తే నాకే తెలియడం లేదు.

మిట్టవీధి సంగతి మాత్రం వేరు. ట్యాంకుకూ దానికీ ఎత్తులో పెద్ద తేడా లేదు, అందుకని నీళ్లకు తోపు ఉండదు. గొట్టంలో గాలి పడుతుంది. వీధి చివరి ఇంటి దగ్గర పానాతో నట్టు వదులు చేసి ఆ గాలి వదిలితేనే నీళ్లు కదులుతాయి. ఆ చివరి ఇల్లు కుట్టుపని అక్కది. డెబ్బై ఏళ్ల మనిషి, నా అన్నవాళ్లు లేరు. ఒకప్పుడు పదకొండు కాపురాలున్న వీధిలో ఇప్పుడు దీపం వెలిగేది ఆమె ఇంట్లోనే. రోజూ ఏడుంబావుకు ఆయన నట్టు విప్పుతాడు, గాలి బుస్సుమంటుంది, ఆమె బిందె పెడుతుంది. నిండేదాకా ఇద్దరూ మాట్లాడుకుంటారు. ఆ బిందెడు మాటలతోనే ఆయన రోజంతా గడపాలి.

పోయిన ఏడాది నీటి ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. మూడిళ్లకన్నా తక్కువ వాడే లైను మూసేస్తారట, అక్కడున్నవాళ్లకు కింద గది ఇస్తారట. ఆయన నా చేత చదివించుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, వచ్చిన పని మర్చిపోయి వెళ్లిపోయాడు.

తరవాత చేసిన ఘనకార్యం చాలా రోజులకు ఆయనే నాకు చెప్పాడు. తాళాలు పడిన రెండిళ్ల పెరటి కొళాయిలు రోజూ విప్పి వదిలేవాడట, వీధి మీటరు మూడిళ్ల వాడకం చూపించడానికి. ఊరికే వదిలితే లెక్క అతకదని ఒక్కో ఇంట్లో ఒక్కో సంసారాన్ని పెట్టుకున్నాడు. మొదటి ఇంట్లో నలుగురు, పన్నెండు బిందెలు. రెండో ఇంట్లో ముగ్గురే, కానీ ఒకటి చంటిది, గుడ్డలు ఉతకాలి కాబట్టి పదిహేను. చంటిదానికి జలుబు చేసిందని ఒక రోజు స్నానం మానిపించి రెండు బిందెలు తగ్గించాడు కూడా! నవ్వుతూనే చెప్పాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఈ ఏడాది ఊళ్లో తలలు లెక్కపెట్టడానికి నీటి ఆఫీసు నుంచి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. ఊరు చూపించే పని నాకు పడింది. మిట్టవీధి ఎక్కేసరికి నీళ్లాయన కూడా వెనకే వచ్చాడు.

"ఇళ్లకి తాళాలున్నాయి, మీటరు మాత్రం బాగానే తిరిగిందే. ఎంతమంది ఉంటారు?" అని అడిగింది ఆమె.

"ఇందులో నలుగురండి. అందులో ముగ్గురు, ఒకటి చంటిది. అందరూ పనికెళ్లారు" అన్నాడు నీళ్లాయన.

"చంటిది కూడా పనికెళ్లిందా?"

కుట్టుమిషను చప్పుడు ఆగింది. అక్క గుమ్మంలోకి వచ్చింది.

"రాసుకో అమ్మా, ఈ వీధికంతా నేనొక్కదాన్నే. నేనూ కిందికి పోతున్నాను."

నీళ్లాయన ఆమె వైపు తిరిగాడు. "అక్కా, నీ కోసమే కదా ఇదంతా..."

"నాకు తెలీదా తమ్ముడూ? ఏడాదిగా రాళ్లకి నీళ్లు పోస్తున్నావు, నాకు చెవులు లేవనుకున్నావా? కాగితం వచ్చిన వారమే గది ఇస్తామన్నారు. ఈ మోకాళ్లతో ఈ మిట్ట నేను ఎక్కే రోజులా ఇవి? పొద్దున్నే నువ్వు ఇంకెవరింటికి వెళ్తావులే అని ఉండిపోయాను. ఇంక నా వల్ల కాదురా."

ఆయన చేతిలో పానాను అటూ ఇటూ తిప్పాడు. ఆఫీసరమ్మ మీటరు ఊసు మళ్లీ ఎత్తలేదు. దిగి వస్తూ, "మరి మీరెక్కడ ఉంటారు?" అని ఆయన్ని అడిగింది. పంపుగదిలో అన్నాడు. ఆమె కాగితాలు తిరగేసింది. పంపుగది ఇళ్ల జాబితాలో లేదు, జాబితా మొత్తం మాత్రం సరిగ్గా రెండు వందల పద్నాలుగు. ఆయన నాకు చెప్పిన రెండు వందల పద్నాలుగులోనూ ఆయన లేడని అప్పుడు తెలిసింది.

పది రోజుల్లో మిట్టవీధి లైను మూసేశారు. అక్క పల్లపు వీధి గదిలో చేరింది. అక్కడ కొళాయి తిప్పితే నీళ్లు ధారగా పడతాయి, ఎవరూ రానక్కర్లేదు. నీళ్లాయన రెండు వాల్వులు తిప్పేసి, ఏడింటికల్లా పానా పట్టుకుని నా కొట్టు ముందు నిలబడేవాడు. "ఏమన్నా కావాలా?" అనేవాణ్ని. "ఏం వద్దు" అనేవాడు. కూర్చోమనడానికి నాకు నోరు రాలేదు. కూర్చుంటే రోజూ ఏం మాట్లాడతాంలే అనుకున్నాను. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

అలా తొమ్మిదో రోజు పొద్దున కింద నుంచి అక్క కేక వినపడింది.

"తమ్ముడూ! కొళాయి రావట్లేదు! గాలి పట్టినట్టుంది, వచ్చి చూడు!"

ఆయన పరుగులాంటి నడకతో దిగాడు. ఆగలేక నేనూ వెనకే వెళ్లాను. గదిలో బిందెలన్నీ అంచుదాకా నిండి ఉన్నాయి. నేలంతా తడి. కొళాయి గట్టిగా బిగించి ఉంది. ఆయన బిందెల వంక చూశాడు, అక్క వంక చూశాడు. కూర్చుని నట్టు వదులు చేశాడు. నీళ్లు చిమ్మి చొక్కా అంతా తడిసిపోయింది.

"అవునక్కా, గాలే" అన్నాడు ముఖం తుడుచుకుంటూ. "రేపు కూడా చూడాలి."

"చూడు మరి. ఏడాదిపాటు నీ కోసం నా మోకాళ్లు అరగదీసుకున్నాను. ఇంక నీవి అరగనీ."

పల్లపు వీధి గొట్టంలో గాలి పట్టడమన్నది ఊరు పుట్టాక ఎవరూ ఎరగరు. ఆ మాట నేను అనలేదు. తిరిగి వచ్చి, కొట్టు లోపల మూటల కింద ఉన్న బెంచీని బయటికి లాగి, తుడిచి, అరుగు మీద వేశాను.