బావమరిది కోసం వచ్చానని చెప్పిన రోజు

తాగి నేను చేసిన ఘనకార్యాలు ధర్మవరంలో చాలామందికి కంఠతా వచ్చు. ఇప్పుడు చెప్పబోయేది ఒక్క చుక్క తాగకుండా చేసింది. అందుకే అన్నిటికన్నా ఘోరంగా ఉంటుంది. చదివాక నన్ను తిట్టాలనిపిస్తే మొహమాటపడకండి, వరుసలో మా ఆవిడ వెనకాల నిలబడండి.

నాకు ఒక్కగానొక్క బావమరిది, రామాంజి. పట్టుచీరల డిజైన్ల కోసం మగ్గానికి ఎక్కించే అట్టల్లో చిల్లులు కొడతాడు. అట్టలో ఒక్క చిల్లు తప్పితే చీర మీద నెమలికి ముక్కు ఎగిరిపోతుంది, కాబట్టి మనిషి కూడా అంత జాగ్రత్త. టీ కూడా ముట్టడు. నేను మగ్గం గుంతలో కాళ్లు పెట్టి నేయాల్సింది పోయి, అదే గుంతలో ముడుచుకుని పడుకునే రోజులవి. బత్తలపల్లి నుంచి హిందూపురం దాకా కనబడిన నర్సునల్లా అడిగి, చివరికి వాడే దారి కనుక్కొచ్చాడు.

"బావా, పెనుకొండలో ఆదివారం పొద్దున మీటింగంట. తాగుడు మానినోళ్లు, మానాలనుకునేటోళ్లు కూర్చుని మాట్లాడుకుంటారంట."

"మనూర్లో ల్యాదా?"

"ఉండాదేమో. ఈడైతే నిన్ను అందరూ గుర్తుపడతారని ఊరు దాటి వెతికినా."

బావ బతుకు కోరేవాడు బావమరిది అన్నారు పెద్దలు. బావమరిది బతుకు కోరే బావ ఉంటాడని మాత్రం ఏ సామెతా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆ ఆదివారమే తేలిపోయింది.

పెనుకొండలో ఒక మిద్దెగది, గుండ్రంగా ఎనిమిది ప్లాస్టిక్ కుర్చీలు. రిటైరైన కండక్టరు ఒకాయన అందరికన్నా పెద్ద. నన్ను చూసి నవ్వాడు.

"పేరు చెప్పే పనిల్యాదప్పా. మనసులో మాట చెప్పు, సాలు."

ఏడు జతల కళ్లు నా వైపు తిరిగాయి. నా నాలుక నన్ను వదిలేసి తన దారిన పరుగెత్తింది.

"నాకేం ల్యాదు సార్. మా బావమరిది కోసం వచ్చినా."

ఎవరూ నవ్వలేదు. గది మూల వైపు పడిన కుర్చీలో ఒక మీసాలాయన పాపం అన్నట్టు తలాడించాడు. అంతే, నాకు ఊపొచ్చింది. పేరు అక్కర్లేదన్నా రామాంజి పేరు చెప్పాను. పనీ చెప్పాను. వీధి ఒక్కటే మిగిలింది, అదీ చెప్పాను. నా పాపాలన్నీ ఒక్కొక్కటే తీసి రామాంజి నెత్తిన పెట్టాను.

"మేనకోడలి బడికి తాగి పోయి, టీచరమ్మ కుర్చీలో నిద్రపోయినాడు సార్. పాప లేపితే 'ఎవరమ్మా నువ్వు?' అన్న్యాడు."

అది చెబుతూ చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాను. "మంచి బావవప్పా" అని పెద్దాయన భుజం తట్టాడు. సిగ్గులేకుండా ఆ మెప్పు కూడా తీసుకున్నాను.

ఇక్కడ మీకొక మాట చెప్పాలి. అప్పటికి రెండు వారాల కిందటే రామాంజికి హిందూపురంలో పెళ్లిచూపులయ్యాయి. పిల్ల వీడికి నచ్చింది, వీడు పిల్లకు నచ్చాడు. పిల్ల మేనమామ ఆరోజు ఊళ్లో లేడు. ఆయన సరేనంటే తాంబూలాలే. మా వైపు మేనమామ ఔననకుండా పెళ్లి పని అడుగు కదలదు.

నా మీటింగు అయిన మూడో రోజు ఫోనొచ్చింది. మేనమామ వద్దన్నాడట. కారణం చెప్పలేదట. ఆరోజు రామాంజి పుట్టి బుద్ధెరిగి మొదటిసారి అట్ట తప్పు కొట్టాడు. దాన్ని పక్కన పెట్టి ఇంకోటి తీసుకున్నాడు.

మా ఆవిడ ఊరుకోలేదు. "ఆ మేనమామనే పోయి అడుగు. వాళ్లకు మావాడు యాడ తక్కువైనాడో కనుక్కోనిరా."

ఆ వారం చివర, ఆరు రోజులుగా తాగని మనిషికుండే పొగరుతో, ఇస్త్రీ చొక్కా వేసుకుని హిందూపురం పోయాను. తలుపు తీసిన మనిషిని చూసి నా ఇస్త్రీ అంతా నలిగిపోయింది. పెనుకొండ మూల కుర్చీ మీసాలాయన!

"ఎవరండీ వచ్చింది?" అని లోపల్నుంచి ఆయన భార్య.

"ఎవరో... ధర్మవరం వాళ్లు" అన్నాడాయన.

"మిమ్మల్ని చూడ్డం ఇదే మొదలు" అన్నాను నేను. ఇద్దరం చెమటలు కక్కుతూ ఆమె ఇచ్చిన కాఫీ తాగి వీధిలోకి వచ్చాం.

"నేను ఎవరికీ చెప్పలేదప్పా" అన్నాడు. "ఆడ విన్నది ఆడే వదిలేయాల. కానీ అట్లాంటోనికి పిల్లనెట్లిస్తాం? నువ్వే చెప్పితివి గదా!"

"వాడు తాగడు. తాగేది నేను."

"మరి, ఆ మేనకోడలు?"

"వాని మేనకోడలే. నా కూతురు."

ఆయన పక్కనే ఉన్న అరుగు మీద కూలబడ్డాడు. "నేనూ మొదటిరోజు మా బావమరిది కోసమే వచ్చినానని చెప్పినా" అన్నాడు. "నీది మాత్రం నిజమనుకుంటి. ఆ ఏడుపు చూసి నమ్మితి."

"ఇప్పుడు సరేనను సామీ. నీ కాళ్లు పట్టుకుంటా."

"నిన్ననే ఇంకో ఇంటోళ్లకు తాంబూలాలిచ్చేసినామప్పా."

ఇంటికొచ్చి రామాంజి ముందు కూర్చుని ఉన్నదంతా కక్కేశాను. మా ఆవిడ ఒక్క మాటే అంది: "తాగొచ్చి పడుకున్నా బాగుండు." నేను రామాంజి దెబ్బ కోసం చెంప చూపించి కూర్చున్నాను. వాడు అట్టలో చిల్లులు లెక్క చూసుకుంటూ తలెత్తకుండా అడిగాడు.

"అయితే బావా, నేను ఇప్పుడు మానేసినట్లా, ఇంకా తాగుతాండానా?"

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

"మానేసినావు రామాంజీ" అన్నాను.

వాడు మానేసి నాలుగేళ్లయింది, నేనూ అంతే. ఆ పిల్ల ఊసు వాడు మళ్లీ ఎత్తలేదు, నేను మాత్రం ఏ రోజూ మరవలేదు. కాబట్టి మగ్గం సాక్షిగా, అట్టలు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట నా తప్పులన్నీ నా పేరు మీదే ఉంటాయి. పెనుకొండలో ఎవరూ అడగకపోయినా ప్రతి ఆదివారం ముందు నా పేరు, నా పని, చివరికి మా వీధి కూడా చెబుతున్నాను. కొత్తగా వచ్చినవాళ్లెవరైనా బావమరిది కోసం వచ్చామంటే, ఆ బావమరిదికి పెళ్లయిందో లేదో మాత్రం ముందు అడుగుతున్నాను.