ట్యులిప్ మడుల మీద చెత్త

రెండువేల ఐదు ప్రాంతంలో నేను బహ్రెయిన్‌లో, జల్లాఖ్ వైపు ఒక పెద్ద ఇంట్లో వంటపని చేసేదాన్ని. మాది గోదావరి జిల్లా. నాకు నోరెక్కువ, చెయ్యి ఊరికే ఉండదు. ఈ రెండింటి వల్ల ఎక్కడికెళ్లినా తిప్పలే. ఇప్పుడు చెప్పేది మాత్రం నా గొప్ప కాదు. ఆ ఇంటి తోట చూసుకున్న పెద్దాయన గొప్ప.

ఆయనది నిజామాబాద్ వైపు. వయసు యాభై దాటింది. ఊళ్లో పసుపు పండించినవాడు. అక్కడికొచ్చి, మాకు వీసా ఇచ్చిన ఇంటి యజమాని దగ్గర, అక్కడి మాటలో కఫీల్ దగ్గర, బిల్డింగ్ పనులు చేస్తూ, పరంజా మీంచి పడి మోకాలు పాడుచేసుకున్నాడు. ఆ ఏడాది కఫీల్ భార్య, మా మేడమ్, హాలెండ్ వెళ్లి ట్యులిప్ గడ్డలు తెచ్చింది. కఫీల్ ఆయన్ని పిలిచి ఒకటే మాట చెప్పాడు. పూలు పూస్తే తోటలో ఉండు, పూయకపోతే ఖలాస్, మళ్లీ పరంజా ఎక్కు. ఆ మోకాలితో పరంజా ఎక్కలేడని మా ఇద్దరికీ తెలుసు.

చలి తగలందే పూయవట, నా కూరగాయలకి చోటు లేకుండా ఆ గడ్డలు రెండు నెలలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. డిసెంబరులో ఆయన మూడు మడులు చేసి నాటాడు. పైన ఎండు ఖర్జూరపాకు సన్నగా తరిగి, చెట్టు పీచూ వేపాకూ కలిపి నాలుగు వేళ్ల మందాన పరిచాడు.

"ఏంటండీ అన్నయ్యగారూ, హాలెండ్ పూలకి దుప్పట్లు కప్పుతున్నారా?" అని వెక్కిరించాను.

"దుప్పటి గాదు చెల్లె, గొడుగు. ఈడ మన్ను ఎండిందంటే కిందున్న ఉప్పు పైకెక్కుతది. మా పసుపుకు మక్కజొన్న నీడ ఉన్నట్టు, దీనికి ఇది."

రోజూ పొద్దున్నే ఆకు కొంచెం పక్కకి జరిపి, చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని ఊసేవాడు. ఆ రుచిని బట్టి ఎన్ని తియ్యనీళ్లు పోయాలో లెక్క కట్టేవాడు. అంత శ్రద్ధ నేను నా వంటలో కూడా పెట్టలేదు, ఒప్పుకోవాలి.

జనవరిలో ఆయనకి జ్వరమొచ్చి పది రోజులు కూలీల క్యాంపులోనే ఉండిపోయాడు. సరిగ్గా అప్పుడే మేడమ్ చుట్టాలు వస్తున్నారన్నారు. గుమ్మానికి ఎదురుగా ఉన్న మడి మీద ఆ చెత్త చూస్తే నా ప్రాణం ఒప్పలేదు. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ లేవగానే వాకిలి ఊడ్చి నీళ్లు చల్లిన చెయ్యి కదా! చీపురు తీసి అద్దంలా ఊడ్చేశాను. ఆకంతా మూటకట్టి బయట డబ్బాలో పడేశాను. రోజూ ఆ మడి మీద పెరటి పంపు నీళ్లు చల్లాను. అవి బావి నీళ్లు, ఉప్పు నీళ్లు. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

ఆయన తిరిగొచ్చేసరికి ఆ మడి మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. ఎవరు చేశారని అడగలేదు. ఆ మోకాలి మీదే వంగి మట్టి నాలుక మీద వేసుకున్నాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు. నేను వంటింట్లోకి దూరి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను. సాయంత్రం దాకా ఆయన పైమట్టి చేత్తో గీరి తీసి, తియ్యనీళ్లతో రెండుసార్లు తడిపి, కొత్త ఆకు కప్పాడు.

ఫిబ్రవరిలో రెండు మడులు ఎర్రగా, పచ్చగా విరగబూశాయి. ఎడారిలో అంత అందం నేనెప్పుడూ చూడలేదు. గుమ్మం ఎదుట మడిలో మాత్రం కొసలు మాడిన ఆకులే.

"ఇదేంటి?" అన్నాడు కఫీల్.

"నా తప్పే బాబా. జ్వరమొచ్చి సరిగ్గ చూస్కోలే," అన్నాడు పెద్దాయన.

చేతిలో ఉన్న టీ ట్రే కింద పెట్టేశాను. వచ్చీరాని అరబ్బీలో చెప్పేశాను. ఆయన కప్పాడు, నేను ఊడ్చాను, ఉప్పు నీళ్లు పోసింది కూడా నేనే అని.

మేడమ్ నవ్వి పెద్దాయనతో అంది, "వచ్చే చలికాలం దీని చీపురు నీ దగ్గర పెట్టుకో."

వచ్చే చలికాలం! ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

వాళ్లు లోపలికెళ్లాక మాత్రం నా మీద కోప్పడ్డాడు. "నువ్వెందుకు చెప్పినవ్ చెల్లె? నిన్ను ఇంటికి పంపిస్తే ఏం జేస్తుంటివి?"

"నేనే ఊడ్చానని మీకెప్పుడు తెలిసిందండీ?"

"వచ్చిన్నాడే తెలిసింది. మడి మీద చీపురు గీతలు కనవడలేదా?"

అన్నాళ్లూ తన పని పోయేలా ఉందని తెలిసి కూడా ఆ మనిషి నన్ను ఒక్క మాట అనలేదు. నేను ఆ మడి గట్టు మీదే కూలబడి ఏడ్చేశాను.