మూడు సెకన్ల మౌనం

జైల్లో అందరూ ఆమెను మనసు డాక్టరమ్మ అంటారు. తాను డాక్టరు కాదనీ, మనస్తత్వ నిపుణురాలిననీ చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి ఊరుకుంది. ముద్దాయికి నిజంగా మతి చెదిరిందా, తప్పించుకోవడానికి నాటకమాడుతున్నాడా అన్నది కోర్టుకు రాసివ్వడం ఆమె పని. ఇరవై రెండేళ్లుగా బల్లకు ఇవతల కూర్చుని, అవతలివాళ్ల వేళ్లనూ పాదాలనూ గమనిస్తూ రాసింది. అబద్ధం నోటికంటే ముందు కాళ్లలో కనబడుతుందని ఆవిడ గట్టి నమ్మకం.

మహమ్మారి వచ్చి జైలు గేట్లు మూసేసరికి ఆ కాళ్లు కాస్తా కనబడకుండా పోయాయి. ఇంట్లో వంటగది పక్కన కంప్యూటరు ముందు కూర్చోవలసి వచ్చింది. తెర మీద అరచేతంత మొహం, అందులో సగం మాస్కు. ఇక మనసును ఎక్కడని వెతుకుతుంది పాపం!

ఆ రోజుల్లోనే తాళాలు బాగుచేసే ఒకతని కేసు వచ్చింది. తను పనిచేసే కొట్టుకే నిప్పు పెట్టాడు. పెట్టినట్టు గుర్తే లేదంటాడు. ఆమె నిజమని రాస్తే ఆసుపత్రి, నాటకమని రాస్తే ఏళ్ల తరబడి జైలు. మూడుసార్లు వీడియోలో మాట్లాడి రిపోర్టు రాసింది: "ప్రతి జవాబుకూ ముందు మూడు సెకన్ల మౌనం. ఆలోచించి అల్లుతున్నాడు."

అది పంపబోతుంటే అక్క వీడియోలో పిలిచింది.

"ఏంటే, జ్వరం తగ్గిందా అంటే అంతలా ఆలోచిస్తావ్? ఏం దాస్తున్నావ్?" అంది ఈవిడ, అలవాటు కొద్దీ.

అక్క మండిపడింది. "నేనెక్కడ ఆలోచించానే? అడగ్గానే చెప్పా. మీ ఇంటి నెట్టు నత్తనడక. నన్ను కూడా ముద్దాయిని చేస్తావా?"

ఆమె రిపోర్టు పక్కన పెట్టింది. జైలు గార్డును వీడియోలోకి పిలిచి, తాను చప్పట్లు కొట్టగానే అతణ్నీ కొట్టమంది. గడియారం చూసుకుంది. అతని చప్పట్లు వినబడేసరికి సరిగ్గా మూడు సెకన్లు.

జైలరును బతిమాలి, ఆఫీసులోని పాత తీగ ఫోను దగ్గరికి తాళాలతణ్ని రప్పించింది.

"ఆ రోజు నిప్పు ఎవరు..."

ప్రశ్న పూర్తి కానేలేదు. "చేతులు నావేనంటున్నారమ్మా అందరూ. బొబ్బలు కూడా ఉన్నాయి. అప్పుడు నేనెక్కడున్నానో మాత్రం తెలీదు."

గొంతులో వణుకు, మింగిన గుటక, అందని ఊపిరి, అన్నీ వినిపించాయి. నిజమో కాదో తేలాలంటే ఇంకా చాలా వినాలి. కానీ ఒక్క ఊపిరిలో ఇంత మనిషి ఉంటాడని ఇన్నేళ్లలో ఆమె ఎరగనే ఎరగదు.

"అమ్మా, ఒకటడగనా?" అన్నాడతను. "ఇవాళ వెంటనే పలుకుతున్నారు. కంప్యూటర్లో నేనేం చెప్పినా కాసేపు ఊరికే చూసేవారు. నమ్మట్లేదేమో అనుకుని, చెప్పాల్సింది సగం మింగేశా."



రిపోర్టు చించేసి, ఆ సాయంత్రమే జడ్జిగారికి ఉత్తరం రాసింది: "ఇతని కేసులో గడువు కావాలి. గేట్లు మూశాక నేను పంపిన పదకొండు రిపోర్టులూ వెనక్కి ఇప్పించండి. అన్నింట్లోనూ మౌనం అని రాశాను. ఆ మౌనం వాళ్లది కాదు."