కడవ పట్టిన చెయ్యి

నా చిన్నప్పుడు, తుఫాను మా ఊరి మీదుగా పోయిన వారంలో, మంచినీళ్ల కోసం తవ్వుతున్న దొరువులో చెక్కుడు రాయి తగిలి తవ్వకం ఆగిపోయిందన్న కబురు మాకు మొదట తెచ్చింది పక్కింటి అక్క. గడపలో నిలబడి ఆ ఒక్క మాటే చెప్పి, కొంగు నోట్లో కుక్కుకుంది.

అల్లూరుకు తూర్పున, సముద్రానికి దగ్గరగా ఉండేది మా ఊరు. ఇసుక నేలలో దొరువు గుంట తవ్వుకుంటే మనిషి లోతులోనే తియ్యటి నీళ్లు పడేవి. తుఫానుకు సముద్రం ఊళ్లోకి వచ్చి పోయాక ఉన్న దొరువులన్నీ ఉప్పగా మారిపోయాయి. దారులు తెగి బయటినుంచి నీళ్ల బండి కూడా రాలేదు. దొరికిన మురికినీళ్లే తాగి పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అక్క చంటిదాన్ని అంతకుముందు రోజే పూడ్చి వచ్చారు. మా తమ్ముడు ఏడుస్తుంటే కన్నీళ్లు కూడా రావడం లేదు. ఎత్తు దిబ్బ మీద తవ్వుతున్న ఆ కొత్త దొరువు ఒక్కటే మాకు మిగిలిన ఆశ.

నానమ్మ నా చెయ్యి పట్టుకుని దిబ్బకు నడిచింది. గుంటలో సగం బయటపడిన రాయి మీద చెయ్యి పైకెత్తిన ఆడమనిషి బొమ్మ, కింద అరిగిపోయిన అక్షరాలు. అది పేరంటాల రాయనీ, ఎప్పుడో మొగుడి చితిలో కాలిపోయిన ఇల్లాలి గుర్తనీ, కదిలిస్తే ఊరికి కీడనీ మగవాళ్లు పారలు పక్కన పెట్టి కూర్చున్నారు. వాళ్లను తప్పు పట్టలేను. అంత పోగొట్టుకున్నాక ఇంకో కీడు తెచ్చుకోవాలని ఎవరికుంటుంది?

మాది యేసు ప్రార్థనల ఇల్లు, రాళ్లకు మొక్కం. అయినా నానమ్మ తల మీద కొంగు కప్పుకుని మరీ ఆ రాయి ముందు వంగింది. నాచేత పొయ్యిలో బూడిద తెప్పించి, తడి రాయి మీద అరచేత్తో రుద్దింది. సన్నగీతల్లో బూడిద నిలిచి బొమ్మ తేటపడింది. తల పైభాగం మాత్రం ఎప్పుడో విరిగిపోయి ఉంది.

"ఇది దీవించే చెయ్యా అబ్బయ్యా? నడుం యాడికి వొంగిందో చూడండి. మెడ ఎట్టా బిగబట్టిందో చూడండి. నెత్తిన నిండు కడవ లేకపోతే ఏ ఆడదైనా అట్టా నిలబడతాదా? మీరెప్పుడన్నా మోస్తే గదా తెలిసేది! నీళ్లున్న చోటనే పెట్టుంటారు ఈ బొమ్మని."

ఒకరిద్దరు నవ్వారు. ఊరి పెద్దాయన నవ్వలేదు. "నువ్వు చెప్పింది తప్పయితేనో, అమ్మా?" అన్నాడు. ఎవరూ కదల్లేదు.

అప్పుడు అక్క గుంటలోకి జారింది. రాయిని రెండు చేతులా తాకి కళ్లకద్దుకుని, పార అందుకుంది. "నా కాడ ఇంక తీసుకునేదానికి ఏముంది పెదనాయనా?" అంది. ఆమె తవ్వుతుంటే చూడలేక ఒకడు దిగాడు, వెనకే ఇంకొకడు. రాయిని మెల్లగా పక్కకు జరిపి నిలబెట్టారు. పొద్దువాలే వేళకు ఇసుక చెమ్మగిల్లి నీళ్లు ఊరాయి. మొదటి దోసిలి అక్కే నోట్లో పోసుకుంది. అందరం ఆమె మొహమే చూస్తున్నాం. "తియ్యగా ఉండాయి," అని, నా వైపు తిరిగి, "నీ తమ్ముడికి తీసకపోమే," అంది. ఆ తర్వాతే గట్టున కూలబడి ఏడ్చింది.

నానమ్మ ఆ నీళ్లు కాచి చల్లార్చి, తెల్లవార్లూ చెంచాతో పోసింది. తమ్ముడు బతికాడు. ఇప్పుడు వాడు మనవలను ఎత్తుకుంటున్నాడు.

నానమ్మ పోయిన చాలా ఏళ్లకు, పాత రాతలు చదివే ఆయనొకరు నెల్లూరు నుంచి వచ్చారు. తడి కాగితం రాయికి అద్ది, అక్షరాల అచ్చు తీసుకున్నారు. బాటసారుల కోసం ఒకామె అక్కడ దొరువు తవ్వించిందని రాసి ఉందట. అక్షరాల తీరును బట్టి నాలుగు వందల ఏళ్ల నాటిదై ఉండొచ్చన్నారు. ఆమె పేరున్న చోట రాయి పెచ్చు లేచిపోయింది.

నేను బడికి పోలేదు, నాకు అక్షరాలు నేర్పింది నానమ్మే. రాయిని పోల్చిందీ ఆమే. కానీ నానమ్మ మాట నిజమో కాదో తేలకముందే గుంటలోకి దిగింది అక్క. తన బిడ్డకు అందని నీళ్లు మా వాడికి అందించింది. ఇప్పటికీ మంచినీళ్ల ముందు కళ్లు మూసుకుని, దేవునికి స్తోత్రం చెప్పి, ఆమెను తలుచుకుంటాను. ఆమె కోసం ఎవరూ ఏ రాయీ చెక్కలేదు. దాహమేసి గ్లాసు ఎత్తినప్పుడు, మొదటి గుక్కకు ముందు, మీరూ మా పక్కింటి అక్కను ఒక్కసారి తలుచుకోండి.