అంచున రాసిన వయసు

పాలకొల్లు బస్టాండు ఎదురుగా ఒక జిరాక్సు కొట్టు ఉంది. మొన్న ఆధార్ కార్డు నకలు కోసం వెళ్ళి వరసలో నిలబడ్డాను. మిషన్లోంచి కాగితం వేడిగా బయటికొచ్చింది, దాని వెనకే ఆ వాసనా వచ్చింది. కాస్త కాలినట్టు, కాస్త మందు సీసా మూత తీసినట్టు ఉంటుంది. ఆ వాసన తగిలితే చాలు, నాకు బహ్రెయిన్‌లో, బుదైయాలో నేను పనిచేసిన హెలెన్ మేడం ఇల్లు, ఆ భోజనాల బల్ల, దాని మీద గుట్టగా పోసిన జిరాక్సు కాగితాలు కళ్ళముందుకొస్తాయి. కొట్టు కుర్రాడు నా కార్డు తిప్పి చూసి, "ఆంటీ, మీకు అరవై ఆరాండీ? అలా లేరే!" అన్నాడు. "నాకు కాదు నాయనా, కార్డుకి" అన్నాను. వాడు జోకనుకుని నవ్వేశాడు. నేనూ విప్పి చెప్పలేదు. వెనక పదిమంది నిలబడి ఉన్నారు.

అది జోకు కాదు. అప్పట్లో గల్ఫుకి ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళకి ముప్పై నిండి ఉండాలనేవారు. నిండనివాళ్ళకి ఏజెంటు నింపేవాడు. నన్ను నరసాపురంలో ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టి తొమ్మిదేళ్ళు పెద్దదాన్ని చేశాడు. ఆ వయసే పాస్‌పోర్టు మీదికెక్కింది, అక్కడినుంచి రేషను కార్డుకి, ఆధారుకి పాకింది. ఇప్పుడు ప్రభుత్వం దృష్టిలో నేను మా పెద్దక్క కంటే పెద్దదాన్ని. ఆవిడకి ఇది బొత్తిగా నచ్చదు.

హెలెన్ మేడం ఇంగ్లండులో తూర్పు వైపు ఏదో పల్లెటూరి మనిషి. టీచరుగా చేసి మానేశారు. భర్త చమురు కంపెనీలో ఇంజనీరు. పొద్దున వెళ్తే సాయంత్రానికి వచ్చేవాడు, నేను చెప్పబోయేదాంట్లో ఆయనకి పనిలేదు. మేడానికి కళ్ళు పాడయ్యాయి. ఎదురుగా ఉన్నది మసక, పక్కన ఉన్నది మాత్రం కనపడేది. అందుకని మనిషిని చూడాలంటే మొహం అవతలికి తిప్పుకునేవారు. మొదటి వారమంతా నేనంటే చిరాకేమో అనుకున్నాను. తరవాత తెలిసింది, మొహం తిప్పుకున్నారంటే నన్ను బాగా చూస్తున్నారన్నమాట.

ఆవిడకి ఒక వ్యాపకం ఉండేది. వాళ్ళ ఊరి చర్చిలోనూ, చుట్టుపక్కల చిన్న చిన్న ఊళ్ళ చర్చిల్లోనూ వందేళ్ళ నాటి, రెండొందల ఏళ్ళ నాటి భూస్థాపన రిజిస్టర్లు ఉన్నాయట. ఎవరు పోయినా అయ్యగారు, అంటే పాస్టరు, పాతిపెట్టి వచ్చి అందులో రాయాలి. పేజీకి ఎనిమిది మంది, ఒక్కొక్కరికి ఐదు గళ్ళు. పేరు, ఉంటున్న చోటు, పాతిపెట్టిన రోజు, వయసు, ప్రార్థన చేసిన అయ్యగారి సంతకం. అంతే, పుణ్యాత్ముడనీ లేదు, పాపాత్ముడనీ లేదు. ఆ పేజీల నకళ్ళు కట్టలు కట్టలుగా బహ్రెయిన్‌కి వచ్చేవి. పాత చేతిరాత విప్పి చదివి, ఇప్పటివాళ్ళకి అర్థమయ్యేలా తిరగరాసి పంపడం మేడం పని. ఎక్కడెక్కడో స్థిరపడ్డవాళ్ళు తమ తాతముత్తాతల్ని వెతుక్కోడానికి పనికొస్తుందట. కళ్ళు మొరాయించాక ఆ పని ఆగిపోయింది. నేను పదో తరగతి చదివానని తెలిసి, వంటిల్లు సర్దేశాక మధ్యాహ్నాలు నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టారు. నేను ఒక్కో అక్షరం చదవాలి, ఆవిడ పెద్ద పెద్ద అక్షరాలతో కార్డుల మీద రాసుకోవాలి. ఆవిడ ఇంగ్లీషు, నా ఇంగ్లీషు, మధ్యలో చేతులు. ఇక్కడ మాత్రం అన్నీ తెలుగులోనే చెప్తున్నాను.

ఇదేం పిచ్చిరా దేవుడా అనుకున్నాను. చచ్చినవాళ్ళ పేర్లు చదువుతున్నానని ఇంటికి ఉత్తరం రాస్తే, మా అమ్మ భయపడిపోయి వెంటనే వచ్చెయ్యమంది. ఏం చేస్తాను, జీతం అదే, పని కాస్త తేలిక. చదివాను.

ఒకరోజు ఒక పేరు పక్కన 'ఈ చర్చిలో నలభై ఏళ్ళు గంట కొట్టినవాడు' అని ఉంది. వయసు గడిలో పదిహేడు. నాకు నవ్వాగలేదు. "అంకెలు తిరగబడ్డాయి మేడం, డెబ్భై ఒకటి అయ్యుంటుంది. బాగు చేసేద్దాం" అన్నాను.

"అక్కడ ఏముంది?"

"పదిహేడు."

"అయితే పదిహేడే."

"కానీ తప్పు కదా!"

మేడం కలం కింద పెట్టి మొహం అవతలికి తిప్పారు. "ఆ రోజు గోతి దగ్గర నువ్వున్నావా? నేనున్నానా? ఉన్నవాడు రాశాడు. దాని మీద చెయ్యి పెట్టడానికి మనమెవరం? నీకు తెలిసింది మార్జిన్లో రాయి. ఎలా తెలిసిందో రాయి. కింద నీ పేరు పెట్టు. చూసింది చెప్పు సుగుణా, అనుకున్నది చెప్పకు."

ఆ చివరి మాట నాకు రోజుకి నాలుగుసార్లు పడేది. అక్షరం అలికేసినట్టు ఉంటే, ఫలానా అయ్యుంటుందని నేను పూర్తి చేయబోయేదాన్ని. ఆవిడ ఒప్పుకునేవారు కాదు. "తెలియకపోతే ఖాళీ వదిలెయ్. ఖాళీ తప్పు కాదు" అనేవారు. మెచ్చుకోవడం ఆవిడ ఒంట్లో లేదు. బాగా చదివిన రోజున 'ఊఁ' అనేవారు, ఆ ఊఁ కోసం నేను ఇంకో పేజీ చదివేదాన్ని.

ఇంకోసారి పేరు గడిలో గీత మాత్రమే ఉంది. వాగులో దొరికిన మగమనిషి, ఊరు తెలియదు, వయసు నలభై ఉండొచ్చు, నీలం మేజోళ్ళు. "పేరే తెలియని వాడికి గడి దండగ కదండీ, పైగా మేజోళ్ళ రంగొకటీ!" అన్నాను. మేడం కార్డు మీద అంతా రాసుకున్నారు, మేజోళ్ళతో సహా. తరవాత అన్నారు: "ఎప్పుడో ఒకనాడు వాడి భార్య వెతుక్కుంటూ వస్తుంది. పేరు అడిగితే వీళ్ళకి తెలియదు. ఆ మేజోళ్ళు అల్లింది ఆవిడే అయితే?"  ఆ సాయంత్రం గిన్నెలు కడుగుతుంటే కూడా ఆ మేజోళ్ళే గుర్తొచ్చాయి.

మా తెలుగువాళ్ళ ప్రార్థన సహవాసం, అక్కడ సెలవు శుక్రవారం గనక, ఆ రోజున కూడేది. హిద్ అనే ఊళ్ళో ఓడలు బాగుచేసే చోట వెల్డింగు చేసే ఒకాయన మాకు వాక్యం చెప్పేవాడు; వారమంతా వెల్డరు, శుక్రవారం అయ్యగారు. ఆ కూడికలోనే కరుణ పరిచయమైంది. నరసాపురం దగ్గర లంక ఊరి పిల్ల. హిద్‌లోనే ఒక ఇంట్లో పని. పాస్‌పోర్టులో ముప్పై మూడు, అసలుకి ఇరవై రెండు. "నీకు తొమ్మిదే వేశాడా అక్కా? నాకు పదకొండు వేశాడు ఎదవ. ముసలిదాన్నైపోయాను" అని పగలబడి నవ్వేది. పాటలో గొంతు ఎక్కడికో పోయేది, అయినా అందరికంటే పెద్దగా పాడేది.

కరుణకి పచ్చకామెర్లు ముదిరాక గానీ ఆ ఇంటివాళ్ళు ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు. కబురు తెలిసి నేనూ ఇంకొకావిడా వెళ్ళేసరికి అంతా అయిపోయింది. నర్సు మలయాళీ అమ్మాయి, జాలిపడి మమ్మల్ని లోపలికి వెళ్ళనిచ్చింది. ఒళ్ళు తుడిచి, తల దువ్వి, తెల్లచీర కట్టాం. నేను ఏడ్చాను. చాలా ఏడ్చాను.

శవాన్ని ఇంటికి పంపాలంటే ఊళ్ళో ఇంటివాళ్ళు తమ మనిషేనని ఒప్పుకుంటూ కాగితం పంపాలి. కరుణకి తల్లి ఒక్కతే ఉంది. ఆవిడకి ఊరు పేరూ, మనిషి పేరూ, వయసు ముప్పై మూడు అని టెలిగ్రాం వెళ్ళింది. అయ్యగారు ఆ ఊరి ఎస్టీడీ బూతుకి ఫోను చేసి ఆవిడని పిలిపించారు. పక్కనే నేనున్నాను, అవతలి గొంతు నాకూ వినపడుతోంది.

"ముప్పై మూడేళ్ళ మనిషాండీ? నాకే నలభయ్యండి. ఏడేళ్ళప్పుడు కన్నానాండీ దాన్ని? కరుణలు మా ఊళ్ళోనే నలుగురున్నారండి. ఆయమ్మెవరో గానీ, పాపం. మా పిల్ల బానే ఉందండి."

"అది కాదమ్మా, వయసు ఏజెంటు మార్చాడు" అన్నారు అయ్యగారు.

"మా పిల్ల అలాంటి దొంగపనులు చెయ్యదండి!" అని పెట్టేసింది. మళ్ళీ ఎన్నిసార్లు చేసినా బూతు దగ్గరికి రాలేదు. వారాలు గడిచాయి. కఫీల్, అంటే కరుణని పనికి పెట్టుకున్న యజమాని, తన వంతు సంతకాలు పెట్టి ఖలాస్, ఇక అయిపోయింది అన్నాడు. చివరికి అక్కడే సమాధుల తోటలో పెట్టడానికి అనుమతి వచ్చింది.

భూస్థాపనకి నేను సెలవడిగితే, మేడం టోపీ పెట్టుకుని, డ్రైవర్ని పిలిచి తనూ కారెక్కారు.  ప్రార్థన అయింది, మట్టి వేశాం. అయ్యగారు మా సహవాసం పుస్తకం తీశారు; మాలో ఎవరు పోయినా అందులో రాసేవారు. వయసు దగ్గర కలం ఆగింది. పాస్‌పోర్టులో ఉన్నదే రాయాలి, రేపు ఎవరైనా అడిగితే చిక్కని కొందరు. దేవుడి ఎదుట అబద్ధమేంటని కొందరు. గోతి మీద మట్టి ఇంకా తడి ఆరలేదు, గొంతులు లేచాయి.

"ఏమిటి గొడవ?" అన్నారు మేడం. చెప్పాను.

"ముప్పై మూడని రాయమను. ఇక్కడి కాగితాలన్నిటిలోనూ ఆ పిల్ల అదే. పక్కన, ఎరిగినవాళ్ళు చెప్పిన వయసు ఇరవై రెండు అని రాయమను. ఎరిగినవాళ్ళెవరో సంతకం పెట్టాలి."

తెలుగులో చెప్పాను. "రెండు వయసులుంటే దొంగలెక్కలా ఉండదామ్మా?" అన్నారు అయ్యగారు. ఆ మాట మేడానికి ఇంగ్లీషులో చెప్తే, "దొంగలెక్కలో ఎప్పుడూ ఒక్కటే ఉంటుంది" అన్నారు.

సంతకం అనేసరికి అందరూ చెప్పులు చూసుకున్నారు. తప్పు పట్టను. ఆ కరుణ వయసు దొంగదంటే, పక్కనున్నవాళ్ళ వయసుల సంగతేంటని అడుగుతారు కదా. నా పాస్‌పోర్టూ అలాంటిదే. అయినా కలం తీసుకుని మార్జిన్లో రాశాను: 'ఎరిగిన వయసు ఇరవై రెండు. తనే నాతో చెప్పింది. సుగుణ.' నా చేతిరాత అంత వంకరగా ఎప్పుడూ లేదు.

తిరిగొస్తుంటే కారులో మేడం అడిగారు. "ఆ రోజు ఆసుపత్రిలో ఏం చూశావు?"

"ఎడమ చెవి తమ్మె చీలి ఉంది, కుట్టు వేసిన గుర్తు. కుడి మోచేతి కింద కాలిన మచ్చ. కుడి కాలి చిటికెన వేలు పక్క వేలి మీదికి ఎక్కి ఉంది."

 బుదైయా తోటలు మొదలయ్యాక మేడం అన్నారు: "నీలం మేజోళ్ళు నీ దగ్గరున్నాయి. ఆ తల్లి ఇక్కడికి రాలేదు. నువ్వే వెళ్ళాలి." నా సెలవు వచ్చే ఏడు ఉండాలి. ఆ నెలలోనే ఇచ్చేశారు.

కరుణ తల్లి రొయ్యల షెడ్డు ముందు కూర్చుని రొయ్యలు వలుస్తోంది. మా వైపు గల్ఫంతా దుబాయే. దుబాయి నుంచి వచ్చానంటే, మొహం వెలిగింది. "మా పిల్లేమైనా పంపిందాండీ?" అంది. దారంతా అనుకున్న మాటలన్నీ పోయాయి. చెప్పాను. చెవి చెప్పాను. ఆవిడ రొయ్యలు వలుస్తూనే ఉంది. మోచెయ్యి చెప్పాను. "చాలామందికి కాలతాయండి" అంది. కాలి వేలు చెప్పాను. చేతులు ఆగిపోయాయి.

"ఏ కాలండీ?"

"కుడికాలు."

షెడ్డులో ఆడవాళ్ళందరూ మా వైపు తిరిగారు. ఆవిడ అరవలేదు. చేతులు చీరకి తుడుచుకుంది, చాలాసేపు తుడుచుకుంది. "నిద్రపోయినట్టుందా అమ్మా?" అంది. అవునంటే పోయేది. ఎవరైనా అవుననే అంటారు. నా నోటి చివరిదాకా వచ్చింది కూడా.

"కళ్ళు మూసి ఉన్నాయి. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. నేనే మూశాను."

"నువ్వు మూశావా?" అంది. "ఏ చేత్తో?"

కుడిచెయ్యి చూపించాను. రెండు చేతులతో పట్టుకుని, తన చెంపకి ఆనించుకుని అప్పుడు ఏడ్చింది. నీచువాసన రెండు రోజులు నా చేతికి వదల్లేదు. కడుక్కోబుద్ధి కాలేదు.

తరవాత ఇంకొన్నాళ్ళు బహ్రెయిన్‌లో చేశాను. మేడం వాళ్ళు వాళ్ళ దేశం వెళ్ళిపోయారు. వెళ్ళే ముందు ఆ రాతలు చూసుకునే తన భూతద్దం నా చేతికి ఇచ్చి 'ఊఁ' అన్నారు. ఆ పైన ఆవిడ సంగతి నాకు తెలియదు. లెక్కకి చూస్తే ఇప్పటికి ఉండకపోవచ్చు. కానీ నేను చూడలేదు, ఎవరూ చెప్పలేదు, అందుకని ఆ గడి ఖాళీగానే ఉంచుకున్నాను. మా అబ్బాయికి మాత్రం చెప్పి ఉంచాను: నేను పోయాక కార్డులో వయసే రాయించు, పక్కన అసలు వయసు రాయి, కింద నీ పేరు పెట్టు.

ఏటా ఈస్టరు తెల్లవారుజామున అందరూ సమాధుల తోటకి కొవ్వొత్తులు పట్టుకెళ్తారు. కరుణ తల్లికి వెళ్ళడానికి ఇక్కడ సమాధి లేదు. మొదటి బస్సుకి మా ఇంటికి వస్తుంది. కాఫీ తాగదు. నా కుడిచెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. ఈ ఏడు చూపు బాగా తగ్గింది, చెయ్యి తడుముకుని పట్టుకుంది. "నిద్రపోయినట్టే ఉంది కదమ్మా?" అని ఎప్పట్లాగే అడిగింది.

"నోరు కొంచెం తెరుచుకుని ఉందండి. నేనే మూశాను" అన్నాను.