సార్ వాళ్ళమ్మ వెనక జాగా

తడి ఇటుక వాసన నాకు ఇష్టమే. నిన్న మాత్రం ఒళ్ళు మండింది. పాతబస్తీలోని మా పాత పార్కులో, ఓటు వేయడానికి వరుసలో నిలబడ్డ ఆడవాళ్ళ కంచు విగ్రహాల పక్కనే ఇటుకల లోడు దింపి నీళ్ళు చల్లుతున్నారు. విగ్రహాల కింద ఎత్తుగా గద్దె కడతారట. ఆ విగ్రహాలు చేసిన యాదగిరి సార్ పోయి రెండేళ్ళయినా కాలేదు.

సార్ పనిచేసే షెడ్డు శాలిబండలో ఉండేది. పని నేర్చుకోవడానికి అక్కడే చేరాను. నేను గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తా కూతుర్ని. కాలేజీలో శిల్పం చదివానన్న గర్వం కొండంత. ఆయన మాత్రం మొదట్లో నన్ను మట్టి ముట్టనివ్వలేదు. పొద్దున్నే రేషన్ దుకాణాల దగ్గరికి తీసుకెళ్ళి నిలబెట్టేవారు.

"సూడు బిడ్డా, లైన్ల నిలబడ్డ మనిషి రెండు కాళ్ళ మీద ఉండడు. బరువు గీ కాలుకెల్లి గా కాలుకు మారుస్తనే ఉంటడు. ముందుగాల అది పట్టుకో. మొఖం తర్వాత."

తీరా ఈ విగ్రహాలకు మట్టి నమూనాలు తయారయ్యాక, బడిలో ప్రార్థనకు నిలబెట్టినట్టు వాటిని పొట్టి నుంచి పొడుగుకు చక్కగా పేర్చాను. సార్ నవ్వారు. "ఓటు లైను గింత సక్కగ ఎన్నడన్న సూసినవా? ఎవరు ముందొస్తే ఆళ్ళే ముందు."

పొడుగాటి సేఠానీకి ముందు పూలమ్మే ఆమెను జరిపారు. అందరికంటే చివర, ముతక చీరలో, మెడ బిగబట్టి ముందుకే చూస్తున్న బక్కపలచటి మనిషిని నిలబెట్టారు. ఎవరీవిడ అని అడిగాను.

"మా అమ్మ. దొర ఇంట్ల వాకిలి ఊడ్చేది. మొదటిసారి ఓటుకు పోయిన నాడు దొరసాని వచ్చి ఆమె ఎనకనే నిలబడ్డది. అమ్మ తిరిగి సూడలే. సూస్తే అలవాటు కొద్ది జరిగి జాగ ఇస్తనేమో అని భయపడ్డదట."

విగ్రహాలు పూర్తయ్యాక వచ్చింది అసలు లొల్లి. గద్దె లేకుండా విగ్రహం ఏంది, దండ ఎట్లా వేస్తారు, పిల్లలు ఎక్కి తొక్కరా అని అప్పటి అధికారి పట్టుబట్టారు. "గద్దె ఎక్కిస్తే మా అమ్మ ఎనక ఎవరు నిలబడతరు సార్?" అన్నారు మా సార్. "గద్దె లేకుంటే ఫైలు కదలదు" అన్నారాయన. "కదలకుంటే కంచు కరగబెట్టి బిందెలు చేసుకుంట. ఫికర్ లేదు."

అన్నంత పనీ చేసే మనిషే. నెలల తరబడి ఆ ఆడవాళ్ళు గోనెపట్టాలు కప్పుకుని షెడ్డులోనే ఉండిపోయారు. ఆ అధికారి బదిలీ అయ్యాకే వాళ్ళు పార్కుకు వచ్చి నేల మీద నిలబడ్డారు.

ప్రారంభం రోజున ఒక పెద్ద నాయకుడు గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో కొన్న దండతో వచ్చి, ఎవరి మెడలో వేయాలో తోచక తికమకపడ్డారు. ఫొటోగ్రాఫర్‌కు ఆ తికమక పట్టలేదు. "జర ఎనకకు రండి సార్, లైన్ల" అన్నాడు. దండ చేతిలో పట్టుకునే ఆయన వెళ్ళి సార్ వాళ్ళమ్మ వెనక నిలబడ్డారు. సార్ కళ్ళు తుడుచుకున్నారు.

నిన్న పార్కులో ఉన్న అధికారి మర్యాదగానే మాట్లాడారు. రక్షణ కోసమే మేడం, ఎవరూ ముట్టుకోకుండా ఉంటారు అన్నారు. సార్ ఒప్పుకోలేదు కదా అన్నాను. "ఆయన లేరు కదా మేడం."

సార్ ఓర్పు నాకు రాలేదు కానీ, మొండితనం మాత్రం పూర్తిగా వచ్చింది. రేపు పొద్దున మేస్త్రీలు పనిలోకి దిగుతారట. వాళ్ళకంటే ముందే వెళ్ళి ఆ చివరి మనిషి వెనక నిలబడతాను. గద్దె కట్టేవాళ్ళు ముందు నన్ను జరపాలి.