నీలం వెలిగే పైపు

హిందూపురంలో మావి ఒకే గోడకు అటూ ఇటూ రెండు కాపురాలు. ఇటు నేను, అటు నా తోడికోడలు. అత్త నా దగ్గర ఉండేది. రెండువేల సంవత్సరం దాటాక, తోడికోడలి అన్న, ధర్మవరంలో పట్టుచీరలమ్మేవాడు, ఆమెకు నీళ్ళు శుద్ధిచేసే యంత్రం కొనిచ్చాడు. స్టీలు గొట్టంలో ఒక బల్బు, దాని వెలుగుకు నీళ్ళలోని క్రిములు చస్తాయి. ఆ రోజు నుంచి అత్తకు భోజనం నా ఇంట్లో, నీళ్ళు ఆమె ఇంట్లో. రోజుకు ఆరుసార్లు పోయేది, ఎండాకాలం తొమ్మిదిసార్లు. లెక్కలు నాకెవరూ నేర్పలేదు, కానీ ఇది మాత్రం తప్పకుండా లెక్కపెట్టాను.

నన్ను ఇంకా మండించింది ఆ యంత్రానికి బిగించిన గాజులాంటి ప్లాస్టిక్ పైపు. స్విచ్చి వేస్తే బల్బు వైపు మూడంగుళాల దాకా నీలంగా వెలిగేది. పరిగి నుంచి వచ్చిన చుట్టాలు కూడా వంగి చూసేవాళ్ళు.

"చూడమ్మే, నీళ్ళల్లో దీపం పెట్టినట్లుండాది," అని అత్త నాతోనే అనేది.

నేనూ యంత్రం కొనాలని నిశ్చయించుకుని, ముందు పైపుల అంగడికి పోయి అట్లా నీలంగా వెలిగే పైపే అడిగాను. అంగడాయన కళ్ళద్దాలు తీశాడు.

"యాడమ్మా చూసినారు? ఆ నీలం కనపడితే, కనపడని కిరణాలు గూడా పైపు మీద పడతాండాయని అర్థం. ప్లాస్టిక్ గట్టిపడి పగుల్తాది. బల్బు పక్కన అడుగు స్టీలు పైపు, దానికో వంపు ఉండల్ల. వెలుగు వంపు తిరగదు గదా. ఆ తర్వాత తాగేనీళ్ళ కోసం చేసిన తెల్ల పైపు వేసుకోండి. తోటకు వాడే పైపు వద్దు, నీళ్ళు వాసనొస్తాయి."

ఇంటికి రాగానే చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. నాది సరిగ్గా బిగించి, చుట్టాలందరి ముందూ చెప్పాలనుకున్నాను. పదకొండు రోజులు గడిచాయి. పన్నెండో రోజు పొద్దున అత్త కడుపులో తిప్పుతోందని అన్నం వద్దంది. దానికీ పైపుకూ సంబంధం ఉందో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు. భయంతో అవతలింటికి పరుగెత్తి, ఆ పైపు మార్చమన్నాను.

తోడికోడలు నవ్వింది. "నీ ఇంట్లో నీలం వెలగదని నాది పీకమంటాండావా అక్కా?"

అందులో సగం నిజమే. స్విచ్చి ఆపి పైపు ఊడదీశాను. కొళాయి వైపు చివర వంచితే మెత్తగా వంగింది. బల్బు వైపు చివర పసుపు రంగు తిరిగి ఉంది. వంచగానే పుటుక్కున విరిగింది.

ఆమె ఆ ముక్కను వేళ్ళతో తడిమింది. తర్వాత మెల్లగా అడిగింది:

"ఇది నీకెప్పుడు తెలిసిందక్కా?"

"నిన్న," అన్నాను.

ఆ సాయంత్రమే స్టీలు పైపూ వంపూ బిగించారు. చూడడానికి వచ్చేవాళ్ళు తగ్గారు. అది నాకు సంతోషంగానే ఉండింది. మరుసటి నెల మా యంత్రం వచ్చింది. అయినా అత్త, కడుపు కుదుటపడినాక కూడా, నీళ్ళకు అటే పోయేది. ఇక్కడ తాగమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.